గాలికొదిలేసిన గాలి

పోయిన దసరాకు మా బావమరిది మదనపల్లెలో సెకండ్‌హ్యాండ్ పికప్ ఒకటి కొన్నాడు. టమోటా మండీకి తోలి నాలుగు డబ్బులు చూసుకుందామని. కొన్న రోజే గుడి ముందు నిలబెట్టి పూజ చేయించాడు. బానెట్ మీద చామంతి దండ, అద్దానికి పసుపు కుంకుమ, బంపరుకు నిమ్మకాయ మిరపకాయలు, నాలుగు చక్రాల కింద నాలుగు నిమ్మకాయలు. బండి కదిలింది, నిమ్మకాయలు చితికాయి. "ఇంక దీనికి ఏ గండమూ లేదు నా" అన్నాడు బండి అమ్మిపెట్టిన బ్రోకరు. ఆ క్షణాన ఆ చక్రాల్లో గాలి ఎంతుందో అయ్యవారికి తెలీదు, బ్రోకరుకు తెలీదు, ఓనరుకు తెలీదు. తెలిసిందల్లా ఆ నిమ్మకాయలకే. అవి చెప్పే స్థితిలో లేవు.

మర్నాడు గాలి ఎంత కొట్టించాలనే ప్రశ్న పుట్టింది. మన ఊళ్ళలో ఈ ప్రశ్నకు జవాబు తెలియనివాడు లేడు. ఒకే జవాబు చెప్పేవాళ్ళు ఇద్దరు లేరు. పంచర్ షాపు కుర్రాడు "అందురూ నలభై కొట్టిస్తారు నా, నీకూ అదే కొడతా" అన్నాడు. కారూ పికప్పూ అతనికి ఒకటే. రాజ్యాంగంలోని సమానత్వం ఏ లోటూ లేకుండా అమలవుతున్న చోటు ఆ కంప్రెసర్ పక్కనే. మండీ దగ్గర పాత డ్రైవరు "టమోటా లోడుకు ఎనభై కొట్టల్ల, లేదంటే బండి కూచుంటాది" అన్నాడు. టీ అంగడి ముందు కూర్చున్న పెద్దాయన "ఎండలకు గాలి తగ్గించి పెట్టు నాయనా, వేడికి పేలిపోతాది" అని హెచ్చరించాడు. ఇంకొకాయన ఏ అంకే చెప్పలేదు. చెప్పుకాలితో టైరును ఒక్క తన్ను తన్ని, చెవి వాల్చి విని, "సరిపోతాది" అని తీర్పిచ్చాడు. నాడి పట్టి రోగం చెప్పే వైద్యులు పోయారనుకుంటాం గానీ, పంచర్ షాపుల ముందు నిక్షేపంగా ఉన్నారు.

అసలు జవాబు బండిలోనే ఉంది. డ్రైవరు తలుపు తీస్తే, ఆ అంచునో చట్రం మీదో కంపెనీవాడు ఒక స్టిక్కరు అంటించి పంపిస్తాడు: ముందు చక్రాలకు ఇంత, వెనక చక్రాలకు ఇంత అని. మా వాడి బండిలో దాని మీద "అమ్మ దీవెన" అని ఎర్ర రేడియం స్టిక్కరు అతికించి ఉంది. అమ్మ దీవెనను గోటితో గీకితే కంపెనీ అంకెల్లో సగం దాంతోపాటే ఊడొచ్చాయి. ముందు చక్రాలకు "3", వెనక చక్రాలకు "5" మిగిలాయి. ఒకట్ల స్థానం అమ్మ తీసుకుపోయింది. ఇక మాన్యువల్ కోసం వెతికాం. ప్లాస్టిక్ కవరు కూడా విప్పకుండా డ్యాష్‌బోర్డు అరలో అగరబత్తుల కింద దొరికింది. పాత ఓనరు ఇన్నేళ్ళూ దానికి ధూపం వేశాడే గానీ తెరిచి చూసిన పాపాన పోలేదు. ముందు 36, లోడుతో వెనక 58 అని అందులో ఉంది. పంచర్ షాపు నలభైకీ, మండీ ఎనభైకీ, ఇద్దరికీ చెందని అంకె.

బరువు మోసేది రబ్బరని మనం అనుకుంటాం. మోసేది లోపలున్న గాలి. రబ్బరు దాన్ని పట్టి ఉంచే సంచి. 1888లో ఈ గాలి టైరుకు పేటెంటు పుచ్చుకున్న డన్‌లప్ బెల్‌ఫాస్ట్‌లో పశువుల డాక్టరు. కొడుకు మూడు చక్రాల సైకిలు కుదుపుల్లేకుండా పోవాలని మొదలుపెట్టిన పని అది. గాలి తక్కువైతే టైరు రెండు అంచులూ అరుగుతాయి. తిరిగిన ప్రతి చుట్టుకూ పక్కగోడలు నలిగి వేడెక్కుతాయి. ఆ వేడికే పేలుతుంది. ఎక్కువైతే నడుమ అరుగుతుంది, రోడ్డును పట్టే జాగా తగ్గి బ్రేకుకు జారుతుంది, ఖాళీ బండి చేటలో బియ్యంలా ఎగురుతుంది. అంటే టీ అంగడి పెద్దాయన సలహా పూర్తిగా తలకిందులు. పరుగు మీద టైరు వేడెక్కి అంకె నాలుగైదు పెరగడం మామూలే. అది చూసి కంగారుపడి గాలి తీసేస్తే, చల్లారాక ఉండాల్సిన దానికంటే తక్కువే మిగులుతుంది. అందుకే బండి ఆగి మూడు గంటలు గడిచాక, చల్లగా ఉన్నప్పుడే కొలవమంటారు. మన పంచర్ షాపు తెరిచేది పదింటికి. అప్పటికి మన బండి ఒక ట్రిప్పు కొట్టి వచ్చి ఉంటుంది.

ఇక లోడు సంగతి. టైరు పక్కన వెడల్పు, ఎత్తు, రిమ్ము కొలతలయ్యాక ఇంకో అంకె ఉంటుంది. దాన్ని లోడ్ ఇండెక్స్ అంటారు. 106 అని ఉంటే, చెప్పినంత గాలి ఉన్నప్పుడు ఆ టైరు 950 కిలోలు మోస్తుందని అర్థం. వెనక రెండూ కలిపి 1,900. మా వాడు మొదటి ట్రిప్పుకే పాతిక కిలోల క్రేట్లు 90 ఎత్తించాడు. 2,250 కిలోలు. అందులో ఎక్కువ భాగం పడేది వెనక ఇరుసు మీదే, బండి సొంత బరువు కాకుండా. "బండి కూర్చుంటోంది కదరా" అంటే, "కమాన్ పట్టీలు రెండు ఎక్కువ ఏపించినా బావా" అన్నాడు ధీమాగా. పైన పట్టీలు బలపడ్డాయి. కింద టైర్లకు ఆ కబురు ఎవరూ చెప్పలేదు.

ఆ టైర్లయినా ఒక జాతివి కావు. నాలుగు చక్రాలకు నాలుగు కంపెనీలు. ఒకటి రేడియల్, దాని జంట నైలాన్. ఒకటి కొత్తది, ఒకటి గుండు. సంకీర్ణ ప్రభుత్వమన్నమాట. బ్రేకు వేయగానే తలా ఒక దిక్కుకు లాగుతాయి. ఒకే ఇరుసు మీద ఒకే కొలతవి, ఒకే రకానివి ఉండాలన్నది కనీస ఉమ్మడి కార్యక్రమం. కాడి కింద జతకాని ఎడ్లను కట్టని రైతు కొడుకే, ఇరుసుకు మాత్రం దొరికిన టైరల్లా కడతాడు. గాడి లోతు 1.6 మిల్లీమీటర్లకు తగ్గితే మార్చమని చెప్పడానికి గాళ్ళ అడుగున చిన్న దిమ్మెలు కూడా పెట్టి ఉంచారు. మన దగ్గర మాత్రం లోపలి తీగ బయటపడితేనే టైరు అరిగినట్టు.

హైదరాబాదులో కథ వేరు. జూబ్లీహిల్స్‌లో కనిపించే ఖరీదైన పికప్పుల వెనక తొట్టిలో ఏనాడూ ఒక మూటైనా పడదు. టైర్లు మాత్రం బురదలో దిగబడకుండా లేచొచ్చే రకం, పిడికిలంత బటన్లవి. పొలం గట్టు ఎరగని ఆ టైర్లు తారు రోడ్డు మీద తుమ్మెదల గుంపులా రొద చేస్తూ, మామూలు టైరు కన్నా ఎక్కువ డీజిలు తాగుతూ కాఫీ షాపు దాకా వెళ్ళి వస్తాయి. టమోటాలు మోసే బండికి గుండు టైర్లు, ఏమీ మోయని బండికి బురద టైర్లు. ఇదీ మన పంపిణీ వ్యవస్థ.

మా వాడికి నేను చెప్పిన ఈ గాలి లెక్కలేవీ నచ్చలేదు. బైపాస్ మీద బంకులో డబ్బు కట్టి నైట్రోజన్ కొట్టించుకొచ్చాడు. "విమానాలకు కొట్టేదే బావా" అన్నాడు. విమానాలకు కొట్టేమాట నిజమే. మనం పీల్చే గాలిలో నూటికి 78 పాళ్ళు అదేనన్నదీ నిజమే. ఆ మిగిలిన 22 పాళ్ళ కోసం వాడు రెండొందలు కట్టాడు. ఎంత కొట్టారంటే మాత్రం, "ఫుల్లుగా" అన్నాడు.

మార్చిలో ఒక మధ్యాహ్నం భాకరాపేట ఘాట్ దాటాక వెనక ఎడమ టైరు పేలింది. బండి బోల్తా పడలేదు, అదే పదివేలు. క్రేట్లు జారి, తిరుపతి రోడ్డు కాసేపు టమోటా పచ్చడి అయింది. ఆగి చూసిన వాళ్ళంతా ఒకే మాట: "దిష్టి తగిలింది." స్టెప్నీ దించారు. బటన్లు కొత్తవాటిలా నిగనిగలాడుతున్నాయి. పక్కన చిన్న అక్షరాల్లో 2316 అని ఉంది. 2016లో 23వ వారం తయారీ. వాడకుండానే ముసలిదైపోయిన టైరు, రబ్బరంతా బీటలు. అందులో గాలి అసలే లేదు. 1904లో వేల్స్ దేశపు లనెల్లి ఊళ్ళో స్టెప్నీ వీధిలో కొట్టు ఉన్న అన్నదమ్ములు అదనపు చక్రం అమ్మడం మొదలుపెడితే, ఆ వీధి పేరే మన నోళ్ళలో నిలిచిపోయింది. పేరు నిలబెట్టుకున్నాం, గాలి నిలబెట్టలేదు.

పికప్పులు మన శ్రీసిటీలో ఇసుజు తయారుచేస్తోంది. సత్యవేడు దగ్గర చినపాండూరులో అపోలో టైర్లు చేస్తోంది. సదాశివపేటలో ఎంఆర్‌ఎఫ్ చేస్తోంది. బండి మనది, టైరు మనది, గాలి ఎటూ మనదే. కొలిచే గేజ్ ఒక్కటే మన దగ్గర లేదు. అది చొక్కా జేబులో పడుతుంది, పేలిన టైరు ధరలో పదో వంతు కూడా కాదు. ఈసారి నిమ్మకాయలు కొనే రోజున దాన్నీ కొనండి, పసుపు కుంకుమ పెట్టండి, నాకు అభ్యంతరం లేదు. పొద్దున్నే బండి కదలకముందు డ్రైవరు తలుపు తీసి అంకె చదవండి. మా వాడి 36, 58 కాదు, మీ బండి మీద ఉన్నది. తర్వాత చక్రాలు కొలవండి. లెక్క తప్పకండి, చక్రాలు ఐదు.