ముఖ్య పదాలు: చెరువు, కాలుష్యం, ప్రమోషన్

హుస్సేన్‌సాగర్‌లో నీళ్లెక్కువా, దాని మీద వచ్చిన రీసెర్చ్ పేపర్లెక్కువా అని ఎవరైనా పందెం కాస్తే నేను పేపర్ల వైపే ఉంటాను. నీళ్లు ఎండాకాలంలో తగ్గుతాయి. పేపర్లు ఏ కాలంలోనూ తగ్గవు. పైగా మే నెలలో వాసన ముదిరిందంటే శాంపిల్ అమోఘంగా ఉంటుందని స్కాలర్లు సీసాలు సర్దుకుని బయల్దేరతారు.

1562లో ఇబ్రహీం కులీ కుతుబ్‌షా హయాంలో హుస్సేన్ షా వలీ కట్టించిన చెరువిది. గండిపేట, హిమాయత్‌సాగర్ రాకముందు ఊరికి తాగునీళ్లిచ్చింది. ఇప్పుడు కూకట్‌పల్లి, పికెట్, బంజారా, బల్కాపూర్ నాలాలు మోసుకొచ్చిందంతా పుచ్చుకుని పీహెచ్‌డీలిస్తోంది. మొత్తానికి ఇవ్వడం మానలేదు.

శాంపిల్ పట్టడం చూడముచ్చటైన తంతు. మూడొందల మిల్లీలీటర్ల గాజు సీసాని బుడగ రాకుండా ముంచి నింపాలి. అందులో మాంగనీస్ సల్ఫేటు కాస్త, క్షారం కలిపిన అయొడైడు కాస్త వేసి, మూత బిగించి, తలకిందులు చేసి కలపాలి. అడుగున దిగే మడ్డి గోధుమ రంగుకు తిరిగితే నీళ్లలో ఆక్సిజన్ ఉన్నట్టు. తెల్లగానే ఉండిపోతే లేనట్టు. కూకట్‌పల్లి నాలా కలిసే మూల ఈ పని జరుగుతుంటే పడవాయన ఊరుకుంటాడా?

“ఏం సార్, మళ్లొచ్చిన్రా? పోయినేడు పట్టుకపోయిన నీళ్లు సరిపోలేదా?”

“అది వేరే స్కాలరన్నా. నాది ప్రీ-మాన్‌సూన్.”

“గిదేంది, తెల్లగైంది?”

“ఆక్సిజన్ లేదన్నా.”

“ముక్కు పెట్టి చూస్తే తెల్వదా?”

“ముక్కుకు రిఫరెన్స్ ఉండదన్నా.”

నిజమే, ఉండదు. అందుకే పడవాయనకు పాతికేళ్ల అనుభవం ఉన్నా పేపర్లో పేరుండదు. కనీసం చివర కృతజ్ఞతల్లోనన్నా ఉండదు. అక్కడ డిపార్ట్‌మెంట్ హెడ్డు గారు, ప్రిన్సిపాల్ గారు, వైస్ ఛాన్సలర్ గారు ఇప్పటికే ఇరుక్కుని కూర్చుని ఉంటారు. వాళ్లలో చెరువు ముఖం చూసినవాళ్లు తక్కువ. చూస్తే అది ట్యాంక్‌బండ్ మీద ట్రాఫిక్‌లో ఇరుక్కున్నప్పుడే.

పేపరు ఎలా ఉంటుందో చదవక్కర్లేకుండా చెప్పొచ్చు. మొదటి వాక్యం: నీరు జీవకోటికి ఆధారం. (పదహారో శతాబ్దంలో చెరువు తవ్వినవాడికి ఈ సంగతి ఎవరు చెప్పారో.) తర్వాత పీహెచ్, బీఓడీ, సీఓడీ, టీడీఎస్, కఠినత్వం, అన్నీ పట్టికలో పేర్చి ఉంటాయి. చివరి పేరా ఎవరు రాసినా ఒకటే: చెరువు కలుషితమైంది, సంబంధిత అధికారులు తక్షణం చర్యలు తీసుకోవాలి. ఆ సంబంధిత అధికారులెవరో మాత్రం ఏ పట్టికలోనూ దొరకరు.

ఒకే ఏడాది శాంపిళ్లతో ఎన్ని పేపర్లు వస్తాయన్నది గైడు గారి చేతివాటం. ఆయన ఒకే రుబ్బిన పిండితో ఇడ్లీ, దోసె, ఊతప్పం వేయగల దిట్ట. పిండి పులిసిపోయినా పునుగులు వేస్తాడు. ఉత్తర గట్టుకో పేపరు, దక్షిణ గట్టుకో పేపరు, బురదలో సీసం ఒకటి, చేప మొప్పల్లో జింకు ఇంకొకటి. వినాయక చవితికి ముందు, తర్వాత అంటూ ఏటా ఒకటి గ్యారంటీ. 2021లో ప్లాస్టర్ ఆఫ్ పారిస్ విగ్రహాల్ని సాగర్‌లో కలపొద్దని హైకోర్టు అన్నప్పుడు భక్తులతో సమానంగా కంగారు పడ్డ డిపార్ట్‌మెంట్లున్నాయని నా అనుమానం. ఆ ఒక్కసారికి సుప్రీంకోర్టు అనుమతించడంతో ఊపిరి పీల్చుకుని ఉంటారు.

పీహెచ్‌డీకి పేపరు తప్పనిసరి కాదని యూజీసీ 2022లో నిబంధన సడలించింది. నిబంధన సడలింది గానీ గైడు గారు సడల్లేదు. ఆయన ప్రమోషన్‌కు పాయింట్లు కావాలి కదా. విదేశీ జర్నల్‌కు పంపితే అక్కడి రివ్యూయర్ ఒక చిక్కు ప్రశ్న వేశాడు: “ఈ చెరువు కలుషితమైందని మీకంటే ముందే చాలామంది రాశారు. మీ పేపర్లో కొత్తేముంది?” స్కాలర్ నిజాయితీపరుడు. “అప్పటికంటే ఇంకా కలుషితమైంది” అని జవాబు రాశాడు. గైడు తల పట్టుకుని, అలాంటివి అడగని జర్నల్ చూశాడు.

అలాంటివి వెతుక్కుంటూ దూరం పోనక్కర్లేదు కూడా. హైదరాబాద్ కేంద్రంగా వందల జర్నళ్లు నడిపిన ఒక సంస్థ పరిశోధకుల్ని మోసం చేసిందని అమెరికా ఫెడరల్ కోర్టు 2019లో తేల్చి, 5 కోట్ల డాలర్లకు పైగా కట్టమంది. చెరువూ మనదే, పేపరూ మనదే, ఆఖరికి దొంగ జర్నలూ మనదే. స్వావలంబన అంటే ఇంకేం కావాలి!

అసలు జర్నళ్ల లెక్క మరోలా ఉంటుంది. మన జీతంతో, మన మురుగు మీద మనవాడు రాసిన పేపర్ని వాళ్లు ఉచితంగా పుచ్చుకుని మనకే అమ్ముతారు. అందరూ ఊరికే చదువుకునేలా పెట్టమంటే రాసినవాడే లక్షల్లో ఎదురు కట్టాలి. ‘వన్ నేషన్ వన్ సబ్‌స్క్రిప్షన్’ పేరుతో కేంద్రం 2024 నవంబర్‌లో మూడేళ్లకు 6,000 కోట్లు ఆమోదించింది. 30 మంది ప్రచురణకర్తలకు చెందిన దాదాపు 13,000 జర్నళ్లు ఇప్పుడు ప్రభుత్వ విద్యాసంస్థల్లో చదవొచ్చు. మంచిదే. నాలాలో మురుగు వదిలే ఫ్యాక్టరీ యజమాని, మా పడవాయన మాత్రం ఆ సంస్థల్లో చదవడం లేదు. ఉత్తర అమెరికా సరస్సుల నిర్వహణ సంఘమైతే పండితులకు ఒక జర్నల్, గట్టున ఉండేవాళ్లకు ‘లేక్‌లైన్’ అని విడిగా మామూలు భాషలో ఒక మ్యాగజైన్ వేస్తుంది. మనవాళ్లలో ఎవరైనా అలాంటిది తెలుగులో రాస్తే పాయింట్లు సున్నా.

పేపరు రాస్తే చెరువు బాగుపడ్డ దుర్ఘటనలు లేకపోలేదు. సియాటెల్‌లో లేక్ వాషింగ్టన్ ఉంది; గట్టునున్న బెల్వ్యూలో మన తెలుగువాళ్లు బోలెడుమంది. 1955లో అందులో ఆసిలటోరియా రూబెసెన్స్ అనే నాచు కనిపించింది. యూరప్‌లో సరస్సులు చెడిపోయినప్పుడు కనిపించిన రకమే అది. ఎడ్మండ్సన్ అనే ప్రొఫెసర్ ఆ సంగతి మరుసటి ఏడాది పేపర్లో అచ్చేయించి ఊరుకోలేదు. మురుగుతో సరస్సులోకొచ్చి నాచును పెంచే ఫాస్ఫరస్ ఆపకపోతే ఏమవుతుందో, ఆపితే ఏమవుతుందో అడిగినవాళ్లకల్లా అర్థమయ్యేలా చెప్పుకొచ్చాడు. మురుగు మళ్లించే పథకాన్ని 1958లో జనం ఒకసారి ఓటేసి కాదన్నారు, అదే ఏడాది మళ్లీ ఓటేసి సరేనన్నారు. 1963 నుంచి 1968 దాకా మురుగునీటి గొట్టాల్ని సరస్సు నుంచి మళ్లించారు. నీళ్లు తేటపడ్డాయి. అక్కడ సరస్సులోకి వచ్చింది శుద్ధి చేసిన మురుగే సుమండీ. శుద్ధి చేసినా ఫాస్ఫరస్ దానంతటది పోదు. ఆ ప్రొఫెసర్ ‘తక్షణం చర్యలు తీసుకోవాలి’ అని రాసి ఫైలు మూసేసి ఉంటే ఆయన శిష్యుల శిష్యులు ఈనాటికీ అక్కడ సీసాలు ముంచుతూ ఉండేవారు.

మన ఆఫీసుల్లోనూ పేపర్లంటే గౌరవం లేదనకండి. చెరువు గురించి ఎవరైనా గట్టిగా అడిగితే వెంటనే ఒక అధ్యయనానికి ఆదేశిస్తారు. ఆ అధ్యయనంలో మొదటి అధ్యాయం, గతంలో జరిగిన అధ్యయనాలు. చివరి సిఫార్సు, మరింత లోతైన అధ్యయనం. లోతంటే గుర్తొచ్చింది, పూడిక వల్ల చెరువు లోతు తగ్గుతోందట. దాని మీదా పేపరుంది.

ఈ మధ్య మా గైడు గారికి ఒక దిగులు పట్టుకుంది. నగరంలో మురుగు శుద్ధి చేసే ఎస్టీపీల మీద ఎస్టీపీలు కడుతున్నారు.

“అవన్నీ నిజంగా నడిస్తే నీళ్లు బాగైపోవా సార్? నా థీసిస్ టైటిల్ ఏం కాను?” అన్నాడు స్కాలర్ బేలగా.

సారు కాసేపు ఆలోచించారు. ముఖం వికసించింది.

“‘ఎస్టీపీలకు ముందు, తర్వాత: తులనాత్మక పరిశీలన’. రెండు పేపర్లు. ఫాస్ఫరస్ ఎలాగూ పోదు, అది మూడోది. ముందు ‘ముందు’ శాంపిళ్లు పట్టుకురావయ్యా, వాళ్లు ప్లాంట్లన్నీ ఆన్ చేసేలోపల!”