ఎర్త్ పెట్టేవాడు కావలెను

తెలుగులో 'ఎర్త్ పెట్టడం' అంటే ఏమిటో మీకు చెప్పక్కర్లేదు. మంత్రిగారి సీటుకు సొంత పార్టీవాళ్లే ఎర్త్ పెట్టారంటాం. మేనేజరు ప్రమోషన్‌కు పక్క టీమువాడు ఎర్త్ పెట్టాడంటాం. ఎలక్ట్రీషియన్ల దగ్గర నుంచి ఈ మాటను రాజకీయ విలేకరులు ఎప్పుడు ఎత్తుకుపోయారో గానీ మళ్లీ తిరిగివ్వలేదు. అందుకే కాబోలు, మనుషులకు ఎర్త్ పెట్టడంలో ఎవరికీ తీసిపోని మనం ప్లగ్గుకు మాత్రం పెట్టం.

బెంగళూరు వైట్‌ఫీల్డ్‌లో ఉద్యోగం చేసే మా మేనల్లుడు మొన్నామధ్య ఒక క్యాంపర్ వ్యాన్ అద్దెకు తెచ్చాడు. తెలుగువాడికి క్యారవాన్ అంటే షాటుకూ షాటుకూ మధ్య హీరోగారు సేదతీరే బండి. ఆ భోగం ఇప్పుడు సాఫ్ట్‌వేరువాడికీ దక్కుతోంది. లోపల మంచం, ఫ్రిజ్, ఏసీ, అగ్గిపెట్టెంత వంటగట్టు. "ఊరికి దూరంగా రెండు రోజులు ప్రశాంతంగా ఉందాం మావయ్యా" అన్నాడు. ఏసీ లేని ప్రశాంతత మా వాడికి పడదు కనుక, హోస్కోటె దాటాక కోలారు వైపు ఒక మామిడితోటలో కరెంటున్న స్థలం బుక్ చేశాడు. గేటు మీద 'ఫుల్ హుకప్స్' అని బోర్డు.

హుకప్ అంటే నాకు కొత్తేం కాదు. మా ఊళ్లో వినాయకుడి పందిరికి, వెదురు గెడ కొసకు వైరు కట్టి లైను తీగకు తగిలించేవాళ్లు. దాన్ని కొక్కెం అనేవాళ్లం. అదే కొక్కెం ఇంగ్లీషు నేర్చుకుని బెంగళూరు వస్తే రాత్రికింత అని అద్దె కట్టాలి.

హుకప్ మామిడిచెట్టు మొదట్లో ఉంది. కాండానికి మేకులు కొట్టి బిగించిన చెక్క స్విచ్‌బోర్డు. దాని నుంచి గడ్డిలో పాములా పాకుతూ వచ్చిన వైరు. వైరుకు నాలుగు చోట్ల జాయింట్లు, జాయింట్లకు టేపు, వాన వస్తుందని టేపు మీద కిరాణా కొట్టు క్యారీబ్యాగు. మా బండి ప్లగ్గు పదహారు ఆంపుల లావుపాటిది, చెట్టు మీది సాకెట్టు ఆరు ఆంపులది. తోటాయన ఏమాత్రం తొణకలేదు. ప్లగ్గు విప్పి మూడు వైర్ల చివర్లూ పళ్లతో గీకాడు. ఫేజుకొక అగ్గిపుల్ల, న్యూట్రల్‌కొక అగ్గిపుల్ల గుచ్చి బిగించాడు. ఆకుపచ్చ వైరు చేతిలో మిగిలిపోయింది.

"మరి అదీ?" అన్నాడు మా వాడు.

"అది ఎక్స్‌ట్రా సార్" అన్నాడాయన కోలారు యాస తెలుగులో.

మా వాడు ఇంజినీరింగ్‌లో ఈఈఈ చదివినవాడు. ఆ రంగంలో ఉద్యోగం చేయకపోయినా చదువు మీద గౌరవం పోలేదు. ఎర్త్ ఇస్తే గానీ వీల్లేదని పట్టుబట్టాడు. తోటాయన చుట్టూ చూసి, ఆ వైరు కొసను పక్కనే ఉన్న తులసి కుండీలో వేలితో లోపలికి నొక్కి, మట్టి కప్పి, చేతులు దులుపుకున్నాడు. "ఎర్త్ అంటే మట్టే కదా సార్!"

తప్పేముంది? అనువాదం అక్షరాలా సరిపోయింది. కాకపోతే కుండీ ప్లాస్టిక్‌ది.

చీకటి పడేసరికి చినుకులు మొదలయ్యాయి. కుళాయి దగ్గర కాళ్లు కడుక్కుని, తడి పాదాలతో వచ్చి వ్యాన్ తలుపు పిడి పట్టుకున్నాను. మోచేతి దాకా జుమ్మంది. "ఒరేయ్, షాకు కొడుతోందిరా!" అని అరిచాను. "నాకేం కొట్టట్లేదే" అన్నాడు వాడు లోపలి నుంచి, మంచం ఇనప చట్రానికి ఆనుకుని, ఏసీ కింద. నన్ను అనుమానంగా చూసి, చూపించడానికన్నట్టు చెప్పుల్లేకుండా కిందికి దిగి, పిడి పట్టుకుని, మాట్లాడకుండా తడి గడ్డిలో కూర్చుండిపోయాడు.

అబద్ధం ఇద్దరిలో ఎవరూ చెప్పలేదు. లోపలున్నవాడు తీగ మీద వాలిన పిట్ట. ఫ్రిజ్‌లోనో ఏసీలోనో ఒక వైరు రాసుకుపోయి ఫేజు బండి రేకుకు తగిలితే రేకు, నేల, మంచం అన్నీ ఒకే వోల్టేజీలో ఉంటాయి, వాడికేమీ తెలియదు. బండి నిలబడ్డది రబ్బరు టైర్ల మీద, కరెంటు భూమిలోకి దిగడానికి దారి లేదు. ఆ దారి ఆకుపచ్చ వైరు చూపించాలి. అది తులసమ్మ సేవలో ఉంది కనుక, నేల మీద నిలబడి తలుపు ముట్టుకున్న మొదటి వెధవ ఎవడో వాడే ఎర్త్. ఆ సాయంత్రం ఆ ఉద్యోగం నాకు దక్కింది.

తోటాయన టెస్టర్ తెచ్చి బండికి ఆనించాడు. టెస్టర్‌లో దీపం కార్తీక దీపంలా వెలిగింది. దాన్ని తదేకంగా చూసి, "చెప్పులేసుకోండి సార్, ఏం కాదు. స్వల్ప అడ్జస్ట్ మాడి" అన్నాడు. హవాయి చెప్పుల జతలో ఇంత భద్రతా వ్యవస్థ ఉందని తెలియక ప్రపంచం ఎంత డబ్బు తగలేసిందో! క్యారవాన్ పార్కుల కోసమే అంతర్జాతీయ ప్రమాణంలో ఒక భాగం రాసుకున్నారు పాపం. ప్రతి సాకెట్టుకూ విడిగా 30 మిల్లీఆంపుల ఆర్‌సీసీబీ ఉండాలట. పోయిన కరెంటూ తిరిగొచ్చిన కరెంటూ లెక్క కలవకపోతే, అంటే మధ్యలో కొంత ఎవడి ఒంట్లోంచో భూమిలోకి పోతుంటే, కన్ను మూసి తెరిచేలోగా కట్ చేసే డబ్బా అది. మామిడిచెట్టుకున్నది పదహారు ఆంపుల ఎంసీబీ. అది కాపాడేది వైరును, మనిషిని కాదు. 30 మిల్లీఆంపులకు అయిదు వందల రెట్లు దాటితే తప్ప దానికి చీమ కుట్టినట్టుండదు.

అమెరికాలో మనవాళ్లు ఆర్‌వీలనే ఇలాంటి బండ్లు అద్దెకు తీసుకుని యెల్లోస్టోన్ పోతుంటారు. అక్కడి కరెంటు స్తంభాలు చూడముచ్చటగా ఉంటాయి, దేని సాకెట్టు దానిదే. అలాగని అక్కడి ఎలక్ట్రీషియన్లందరూ దేవతలేం కాదు. 30 ఆంపుల ఆర్‌వీ సాకెట్టుకు ఇవ్వాల్సింది 120 వోల్టులు. దాన్ని బట్టలారబెట్టే యంత్రం సాకెట్టనుకుని 240 ఇచ్చి, బండిలో సామానంతా మాడ్చేసిన మహానుభావులు అక్కడా ఉన్నారు. అందుకే తెలిసినవాళ్లు ముందు టెస్టర్ గుచ్చి చూసి, తర్వాతే బండి తగిలిస్తారు. మనం బండి తగిలించి, తర్వాత మనిషిని గుచ్చి చూస్తాం.

చేతకాక కాదండోయ్. 1902లోనే శివనసముద్రం నుంచి కోలారు బంగారు గనులకు 92 మైళ్లు తీగ లాగి కరెంటిచ్చిన మైసూరు రాజ్యం ఇది. 1905లో బెంగళూరు వీధుల్లో కరెంటు దీపాలు వెలిగాయి. ఇంతా చేసి, ఆ కోలారు దారిలోనే చెట్టు నుంచి బండికి ఇరవై అడుగులు సవ్యంగా లాగలేకపోయాం.

ఆ రాత్రి అగ్గిపుల్లలు పీకేసి, కిటికీలు తెరుచుకుని పడుకున్నాం. దోమలకు హుకప్ అక్కర్లేదు. తెల్లారగానే వైట్‌ఫీల్డ్ వచ్చి పడ్డాక మా వాడు "హమ్మయ్య, ఇల్లు" అన్నాడు. నాకు మాత్రం తోట దాటి వచ్చినట్టే అనిపించలేదు. వాడుండేది 'ఆంధ్రా స్టైల్ ఫుడ్' అని బోర్డున్న పీజీ. గదికి ముగ్గురు, ముగ్గురికీ కలిపి ఒక స్విచ్‌బోర్డు. దానికొక ఎక్స్‌టెన్షన్ బాక్సు, ఆ బాక్సుకు ఇంకో బాక్సు, దానికి మూడు ల్యాప్‌టాపులు, ఒక కెటిల్, వార్డెన్ అడుగుల చప్పుడు వినగానే మంచం కిందికి దూరే ఇండక్షన్ స్టవ్వు. ప్లాస్టిక్ కాలిన వాసన వస్తే పక్కగదిలో ఎవరో దోశ మాడ్చారనుకుంటారు. మూడో అంతస్తు బాల్కనీ నుంచి కిందికి వేలాడే వైరు పట్టుకుని వీధిలో ఒక ఎలక్ట్రిక్ స్కూటరు వానలో పాలు తాగుతూ ఉంటుంది. శుక్రవారం రాత్రికి అందరూ బ్యాగులు తగిలించుకుని కర్నూలు, విజయవాడ బస్సులెక్కేస్తారు. ఇది క్యాంప్‌సైట్ కాక మరేమిటి?

ఒక సంగతి గమనించారా? త్రీపిన్ ప్లగ్గులో ఎర్త్ పిన్ను మిగతా రెండింటికన్నా పొడుగ్గా, లావుగా ఉంటుంది. సాకెట్టులోకి అందరికంటే ముందు రావాలి, అందరూ పోయాక చివర్న పోవాలి. అదీ దాని డ్యూటీ. వైట్‌ఫీల్డ్‌లో అందరికంటే ముందొచ్చి చివర్న పోయేవాడి గతి తెలిసిందే కదా, కోత మొదలైతే మొదట వాడికే. కటింగ్ ప్లేయరుతో పుటుక్కుమనిపిస్తారు. టూపిన్ ప్లగ్గు దూరడం లేదంటే పై కన్నంలో పెన్ను పొడిచి లోపలి తలుపులు తెరుస్తారు. సగం పీజీల్లో ఎర్త్ కన్నానికి పెన్నుస్టాండుగా తప్ప వేరే ఉపాధి లేదు.

ఈ ఊరికి ఎర్త్ కరువు మొదట్నుంచీ లేదు. 1882లో మైసూరు మహారాజు పదో చామరాజ ఒడయారు యూరేసియన్ల సంఘానికి ఇక్కడ 3,900 ఎకరాలిచ్చాడు. సంఘం పెద్ద డి.ఎస్. వైట్ పేరే ఊరి పేరయింది. అప్పుడు ఉన్నదంతా ఎర్తే. ఇప్పుడు దాన్ని చదరపు అడుగుల్లో అమ్ముతున్నారు కనుక, ఎర్త్ గొయ్యికి మూడడుగులు వృథా చేయమంటే ఓనరుకు గుండె ఆగినంత పనవుతుంది.

2023 నవంబరు 19న, ఇంకా పూర్తిగా తెల్లారకముందే, ఇదే వైట్‌ఫీల్డ్‌లో కాడుగోడి హోప్‌ఫామ్ దగ్గర ఫుట్‌పాత్ మీద తెగిపడ్డ కరెంటు తీగ తొక్కి ఒక తల్లి, ఆమె చేతుల్లోని తొమ్మిది నెలల పాప కాలిపోయారు. తల్లికి 23 ఏళ్లు. కాపాడబోయిన భర్తకూ గాయాలయ్యాయి. కరెంటు సంస్థ బెస్కాం సిబ్బందిని సస్పెండ్ చేశారు. ఊరి నుంచి వచ్చి, ఇంటికి నడిచి వెళ్తున్న మనుషులు వాళ్లు. ఇప్పుడు మా వాడు బస్సు దిగి పీజీకి నడిచేదీ ఆ ఫుట్‌పాత్ మీదే. సెల్‌ఫోను లైటు కాళ్ల ముందు వేసుకుని నడుస్తాడు.

తోటాయనకు మాత్రం మా వాడు తోట నుంచి బయల్దేరే ముందు పావుగంట పాఠం చెప్పి వచ్చాడు. ఎర్త్ అంటే నేలలో లోతుగా గొయ్యి తవ్వాలి, రాడ్డు దింపాలి, చుట్టూ బొగ్గూ ఉప్పూ నింపాలి, తరచూ నీళ్లు పోయాలి అని. ఆయన శ్రద్ధగా విన్నాడు, ఫోనులో రికార్డు కూడా చేసుకున్నాడు. రెండు వారాలకు మా వాడికి వాట్సాప్‌లో ఫొటో పంపాడు. ఆకుపచ్చ వైరు అక్కడే ఉంది. కుండీ కూడా అదే. మట్టి మీద దిట్టంగా కళ్లుప్పు, నాలుగు బొగ్గు ముక్కలు, నిండా నీళ్లు. కింద మెసేజీ: "మీరు చెప్పినట్టే చేసినాను సార్. ఇప్పుడు ఎర్త్ చాలా స్ట్రాంగు. రేటింగు ఇవ్వండి."

తులసి మొక్క నిలువునా ఎండిపోయి ఉంది.