అడాప్టర్ల మేస్త్రి

ఎర్రగుంట్ల నాలుగు రోడ్ల కాడ బస్సు దిగి, లేతు మేస్త్రి షెడ్డు యాడుందని అడిగి చూడండి. దారి చెప్పే ముందు అవతలి మనిషి ఎదురు ప్రశ్న వేస్తాడు: "తొందర పనా, మామూలు పనా?" తొందర పనంటే ప్రొద్దుటూరు బస్సు చూపిస్తాడు. మామూలు పనంటేనే షెడ్డు చూపిస్తాడు.

ఈ మేస్త్రి ఒక్క మనిషి కాదు, ఒక జాతి. జమ్మలమడుగులోనూ ఉంటాడు, పులివెందులలోనూ ఉంటాడు. రేకుల షెడ్డు, నూనె తాగి నల్లబడిన బనీను, చెవి మీద పెన్సిలు, గోడకు విశ్వకర్మ పటం. పనికి మాత్రం కరువు లేదు. నాపరాళ్ల పాలిష్ మిషన్ల షాఫ్టులు అరుగుతాయి. చీనీతోటల బోరు మోటార్ల బుష్షులు అరుగుతాయి. ఆర్టీపీపీ థర్మల్ కేంద్రం బూడిద మోసే లారీల పిన్నులు అరుగుతాయి. అరిగిందల్లా ఈ షెడ్డుకే వస్తుంది. వచ్చింది వచ్చినట్టు గుమ్మం పక్కన కూర్చుంటుంది.

ఎందుకంటే లోపల మేస్త్రికి అంతకంటే ముఖ్యమైన గిరాకీ ఒకటుంది. అది ఆయన లేతే.

ఆడలేక మద్దెల ఓడన్నవాళ్లను చూశాం. ఈయన మద్దెల బాగుచేస్తూ ఆట సంగతి మరిచిపోయే రకం. లేతు ఎక్కడిదంటే "హరిహర్ కిర్లోస్కర్" అని ఛాతీ విరుస్తాడు. కర్ణాటకలోని హరిహర్‌లో మైసూరు కిర్లోస్కర్ వాళ్లు లేతులు చేసిన మాట నిజమే. ఈ లేతు అక్కడ పుట్టిందని చెప్పే రేకు మాత్రం ఎప్పుడో ఊడిపోయింది. ఇప్పుడు టెయిల్‌స్టాక్ బటాలాది, మోటారు పిండిమరది, టూల్‌పోస్టు స్వయంగా ఆయనది. అన్నీ కలిసి తిరుగుతున్నాయంటే నడుమ ఉన్న అడాప్టర్ల చలవే.

గోడ వారగా వాటికోసం ఒక చెక్క బీరువా. 1860ల్లో అమెరికాలో స్టీఫెన్ మోర్స్ అనే ఆయన డ్రిల్లు బిట్లు బిగుసుకుని నిలవడానికి ఒక వాలు కనిపెట్టాడు. దానికి నంబర్లు పెట్టారు. ఆ నంబర్లన్నీ ఈ బీరువాలో ఉన్నాయి: ఐదులో నాలుగు పట్టే స్లీవు, నాలుగులో మూడు పట్టేది, మూడులో రెండు పట్టేది. ఒకదాంట్లో ఒకటి దోపుకుంటూ పోతే చివరికి చిన్న బిట్టు కూడా పెద్ద స్పిండిల్లో నిలుస్తుంది. పక్కనే 127 పళ్ల గేరు. అంగుళమంటే 25.4 మిల్లీమీటర్లు, ఐదంగుళాలంటే సరిగ్గా 127. ఆ గేరు లేకుండా అంగుళాల లేతు మీద మిల్లీమీటరు థ్రెడ్డు కచ్చితంగా రాదు. దేశానికి మెట్రిక్ చట్టం 1956లోనే వచ్చింది గానీ, ఈ లేతుకు ఇంకా సమన్లు అందలేదు.

ఒకనాడు పులివెందుల నుంచి ఒక రైతు మోటారు బుష్షు తెచ్చాడనుకోండి.

"మేస్త్రీ, పది నిమిషాల పని గదా, చేసీ."

"పది నిమిషాలు గూడా పట్టదు రెడ్డీ. అయితే మన చక్కు దవడలు ముందరపక్క అరిగిపోయినాయి. దాంట్లో పట్టిస్తే నీ బుష్షు వంకర వస్తాది. సికింద్రాబాదు రాణిగంజిలో కొత్త చక్కు తెచ్చినా. అది ఎక్కించినాక నీదే ఫస్టు పని."

"ఎక్కించు మరి."

"అది మన స్పిండిల్‌కు ఎక్కదు."

రైతు అర్థం కాక చూస్తాడు. ఎక్కని చక్కు ఎందుకు తెచ్చావని అడగడం పెద్దరికం కాదని ఊరుకుంటాడు. మేస్త్రే చెబుతాడు: "అగ్గువకు వచ్చినాది. దానికేముంది, ఒక అడాప్టరు చేసుకుంటే సరిపాయె!"

ఈ "దానికేముంది" విన్నవాళ్లు ఇంటికి ఫోను చేసి, మధ్యాహ్నం అన్నానికి రామని చెప్పేయాలి.

చిక్కు ఇదీ. చక్కును తిప్పే పాత స్పిండిల్ మూతికి మరచుట్టు ఉంది: రెండుంబావు అంగుళాల లావు, అంగుళానికి 8 పళ్లు, ఇంగ్లండులో విట్‌వర్త్ 1841లో ఖాయం చేసిన 55 డిగ్రీల కోణం. కొత్త చక్కేమో క్యామ్‌లాక్ రకం. వీపున ఆరు పిన్నులు, నడుమ వాలు గుంట. ఒకటి చుట్టుకుంటానంటుంది, ఇంకొకటి పొడుచుకుని పడుకుంటానంటుంది. రెండు పార్టీల మధ్య రాజీకి పెద్దమనిషి దిగినట్టు అడాప్టర్ దిగాలి. వెనక వీళ్ల మాట వినాలి, ముందు వాళ్ల మాట వినాలి, తను మాత్రం వెంట్రుకవాసి ఊగకూడదు.

ప్రొద్దుటూరు పాత ఇనుము కొట్లో ఒక ఉక్కు కప్లింగ్ దొరికింది. దాన్ని నాలుగు దవడల చక్కులో పట్టి, లోపల బోరింగు చేసి, థ్రెడ్డు కొయ్యాలి. కోసిన థ్రెడ్డు స్పిండిల్‌కు సరిపోతుందో లేదో చూద్దామంటే స్పిండిల్ ఖాళీగా లేదు. దాని మూతిమీద నాలుగు దవడల చక్కే కూర్చుని ఉంది. అందుకని మేస్త్రి ముందు స్పిండిల్ మూతికి అచ్చు నకలు ఒకటి చేస్తాడు. అడాప్టర్ చేయడానికి నకలు, నకలు చేయడానికి కొత్తగా సానబట్టిన టూలు, టూలు కోణం చూడటానికి గేజి. వారం తిరిగేసరికి షెడ్డులో నాలుగు కొత్త వస్తువులు తయారవుతాయి. బుష్షు వాటిలో లేదు.

ఇక్కడే ఈ మనిషిని దగ్గరగా చూడాలి. థ్రెడ్డు నకలుకు సరిపోయాక, నాలుగు దవడల చక్కు దించి స్పిండిల్ మూతి తుడుస్తాడు. మొదట గుడ్డతో, తర్వాత బ్రష్షుతో, చివరికి చిటికెనవేలి గోటిని పళ్ల సందుల్లో ఒక చుట్టు తిప్పుకుంటూ. ఒక్క ఇనుప రజను చిక్కుకుంటే చక్కు జన్మంతా ఊగుతుంది. అప్పుడు అడాప్టర్‌ను స్పిండిల్‌కే చుట్టి, దాని ముందు మొహమూ వాలూ అక్కడికక్కడే కోస్తాడు. తిరగబోయే చోటే తయారైంది కాబట్టి ఇక వంకరకు తావుండదు. వాలుకు నీలం పూసి చక్కును ఆనించి తీస్తాడు. నీలం ఒకవైపే చెరిగితే మళ్లీ కోత. చుట్టూ సమంగా చెరిగేదాకా టీ కూడా ముట్టడు. ఆఖరున చక్కు పిన్నులు పీకేసి, ఆ మరల్లోనే వెనకనుంచి ఆరు బోల్టులు బిగిస్తాడు.

ఇనుములో అంగుళంలో వెయ్యోవంతు తేడా వస్తే ఆయనకు అన్నం సయించదు. గడువులో వారం తేడా వచ్చినా నిద్ర చెడదు.

దేవుడి పటం కింది డబ్బాలో పసుపు గుడ్డ చుట్టిన డయల్ గేజి బయటికి వస్తుంది. చక్కులో సాపు కడ్డీ పట్టి, చేత్తో మెల్లగా తిప్పుతాడు. ముల్లు ఒకటిన్నర గీత కదిలి వెనక్కి వస్తుంది. మూడు దవడల చక్కుకు ఇది గొప్ప ఫలితమే. షెడ్డులో ఎవరూ మాట్లాడరు. అడాప్టర్ మందంతో చక్కు మూడంగుళాలు ముందుకు వచ్చిందనీ, ఆ మేరకు లేతు పొట్టిదైందనీ, పట్టు కాస్త అదురుతుందనీ ఆయనకు తెలుసు. ఆ సంగతి ఎవరైనా ఎత్తితే మాత్రం వెంటనే కరెంటు గురించి మాట్లాడతాడు.

"రేయ్ అబ్బీ, రివర్సు ఎయ్యాకు!" అని పిల్లోణ్ని ఒక్క అరుపు అరుస్తాడు. మరచుట్టు మీదున్న చక్కు, ఎదురు తిప్పితే ఊడివచ్చి కాళ్ల మీద పడుతుంది. ఆ భయానికి విరుగుడుగా ఇంకో అడాప్టర్ అప్పటికే ఆయన బుర్రలో తయారవుతూ ఉంటుంది.

బుష్షు? అది నిజంగానే పది నిమిషాల్లో అయిపోయింది. అద్దంలా నున్నగా వచ్చింది. రైతు దాన్ని వెలుతురుకు పట్టి చూశాడు, షాఫ్టుకు తొడిగి చూశాడు. లూజు లేదు, బిగువు లేదు. వారం రోజుల కోపం ఎక్కడికి పోయిందో ఆయనకే తెలియలేదు. డబ్బు లెక్కపెట్టి ఇచ్చి, గుమ్మం దాకా పోయి, ఆగాడు.

"మేస్త్రీ, మా తోటలో మా నాయన కాలంనాటి ఆయిలింజను ఉండాది. దానికి ఇప్పటి పంపు కూర్చుంటాదా?"

మేస్త్రి చెవి మీది పెన్సిలు చేతిలోకి వచ్చింది. "దానికేముంది రెడ్డీ..." అన్నాడు.

వంతు కోసం బల్ల మీద కూర్చున్న ఇద్దరు లేచి చెప్పులు తొడుక్కున్నారు.