బస్సు దిగిపోయిన పటం

2012 సెప్టెంబరులో ఐఫోన్ల ఐఓఎస్ 6తో యాపిల్ గూగుల్ పటాన్ని సాగనంపి సొంత పటం పెట్టుకుంది. కారున్న దొరలకు మలుపు మలుపునా దారి చెప్పింది. బస్సు, రైలు దారులు మాత్రం పీకేసింది. అడిగితే వేరే యాప్ వెతుక్కోమంది! పదిరోజులు తిరక్కముందే యాపిల్ సీఈఓ టిమ్ కుక్ క్షమాపణ చెప్పి, తమ పటం బాగుపడేదాకా పోటీవాళ్ల పటాలు వాడుకోమన్నారు. బస్సు మళ్లీ పటమెక్కింది 2015లో, అదీ కొన్ని నగరాలకే.

మా విశాఖ గోపాలపట్నంలో ఈ బాధ లేదు. "ఎన్ఏడీ, కంచరపాలెం, కాంప్లెక్స్!" అని కండక్టరు ఒక్క కేకేస్తే దారంతా తెలిసిపోతుంది. సిగ్నల్ అక్కర్లేదు, ఛార్జింగూ అక్కర్లేదు. ఆయనకొచ్చే అప్‌డేట్ ఒక్కటే: ఛార్జీల పెంపు.

కుపర్టినో యాపిల్ బాబులూ, ఈసారి పటం గీసేముందు మా సిటీ బస్సెక్కండి. చిల్లర మాత్రం మీరే తెచ్చుకోండి.