ఏ లోటూ లేని సినిమా

హై సొసైటీ, నిన్ను మనసారా మెచ్చుకోవాలనే కూర్చున్నాను. 1956లో ఎం.జి.ఎం. వాళ్లు నీకు చేసినన్ని ముచ్చట్లు పెళ్లికూతురికి కూడా చెయ్యరు. టెక్నికలర్ రంగులు, విస్టావిజన్ తెర, కోల్ పోర్టర్ పాటలు, బింగ్ క్రాస్బీ, ఫ్రాంక్ సినాత్రా, గ్రేస్ కెల్లీ, ఆపైన సాక్షాత్తూ లూయీ ఆర్మ్‌స్ట్రాంగ్. నీకంటే 16 ఏళ్లు పెద్దదైన, ఇదే కథను ముందే చెప్పిన నీ అక్క ‘ది ఫిలడెల్ఫియా స్టోరీ’కి ఇవేవీ లేవు. తనది నలుపు తెలుపుల సంసారం. నీదేమో న్యూపోర్ట్ సముద్రపు గాలి.

అక్క సినిమా ఒక్క మాట కూడా లేకుండా మొదలవుతుంది. కేరీ గ్రాంట్ సామాను పట్టుకుని ఇంట్లోంచి బయటికొస్తాడు. వెనకే కేథరిన్ హెప్‌బర్న్ అతని గోల్ఫ్ కర్రల సంచీ తెచ్చి పడేసి, ఒక కర్రను మోకాలికి ఆనించి ఫెళ్లున విరుస్తుంది. అతను పిడికిలెత్తుతాడు. కొట్టలేడు. అరచేత్తో మొహం పట్టి వెనక్కి నెట్టేస్తాడు, ఆమె వెల్లకిలా పడుతుంది. అలా నెట్టడం ఈనాటి కంటికి ఇబ్బందే, నాకూ ఇబ్బందే. కానీ ఆ కాపురం ఎలా కూలిందో, కూలాక కూడా ఇద్దరి మధ్యా ఎంత నిప్పు మిగిలుందో ఆ కాసేపట్లోనే తెలిసిపోతుంది. నువ్వు ఎవరినీ నొప్పించవు. ఆర్మ్‌స్ట్రాంగ్ బస్సులో తన బృందంతో కూర్చుని కాలిప్సో పాడుతూ కథ విప్పి చెప్పేస్తాడు. ఆ గొంతు వింటే నాకు ప్రాణం లేచివస్తుంది. అంతటి మనిషిని పిలిచి, ఆయన లేకపోయినా సాగిపోయే కథ పక్కన కూర్చోబెట్టావు.

అక్కలో గ్రాంట్, నీలో క్రాస్బీ వేసిన మాజీ భర్త డెక్స్టర్‌ని నువ్వు ఎంత ప్రేమగా కడిగావో! అక్క దగ్గర అతను తాగి కాపురం పాడుచేసుకున్నవాడు. ఎదుటివాడి బలహీనతను అతని భార్య ట్రేసీ సహించలేదు. రెండో పెళ్లికి ముందురోజు రాత్రి తనే షాంపేన్ తాగి తూలి, ఏం చేసిందో గుర్తులేక తెల్లారి తల పట్టుకున్నాక గానీ, తప్పు చేసిన మనిషిని చూసే చూపు ఆమెకు మారదు. కథకు వెన్నెముక అదే. నువ్వు అతని చేతిలోంచి గ్లాసు తీసేసి పాటలు కట్టే పని ఇచ్చావు. ఆమె చిరాకంతా అతను జనం పాడుకునే పాటలు కడతాడనే. క్రాస్బీ అంత నెమ్మదస్తుడిని క్షమించడానికి ఏముంది? పైగా ఆయన కెల్లీ కంటే 26 ఏళ్లు పెద్ద. గ్రాంట్, హెప్‌బర్న్‌ల మధ్య తేడా మూడేళ్లే. వాళ్లు సరిజోడుగా దెబ్బలాడుకున్నారు.

కెల్లీ నీలో వెలిగిపోయింది, కాదనను. ఆమె వేలికున్న ఉంగరం కూడా నిజమైనదే, మొనాకో రాకుమారుడు తొడిగిన నిశ్చితార్థపు ఉంగరం. నువ్వు విడుదలయ్యేసరికి ఆమె మొనాకో యువరాణి అయిపోయింది. హెప్‌బర్న్ పరిస్థితి వేరు. 1938లో థియేటర్ల యజమానులు ఆమె పేరు వసూళ్లకు విషమని ప్రకటన వేయించారు. ఫిలిప్ బారీ ఆమె కోసమే రాసిన నాటకాన్ని పట్టుకుని, సినిమా హక్కులు గుప్పిట్లో పెట్టుకుని తిరిగొచ్చింది. అహంకారి అనిపించుకున్న మనిషి అహంకారి పాత్రలోనే నిలబడి, అందరి ముందూ తల వంచడానికి ఒప్పుకుంది. అందుకే ఆమె గొంతు వణికితే నా గొంతు పట్టేస్తుంది.

పాటల్లో నీకు సాటి లేదు. క్రాస్బీ, కెల్లీ పడవలో పాడుకునే ‘ట్రూ లవ్’ ఇప్పటికీ వింటాను, కళ్లు మూసుకుని. అక్క దగ్గరా ఒక పాట ఉంది. అర్ధరాత్రి ఈతకొలను నుంచి హెప్‌బర్న్‌ని చేతులమీద ఎత్తుకుని, విలేఖరి వేషంలో ఉన్న జేమ్స్ స్టువర్ట్ వస్తుంటాడు. తాగి ఉన్నాడు. ‘ఓవర్ ది రెయిన్‌బో’ గొంతెత్తి పాడుతుంటాడు, పాటగాడు కాడని వినగానే తెలిసిపోతుంది. ఆ మనిషికి ఆ రాత్రి ఎంత సంతోషంగా ఉందో అందులోనే ఉంది. అలాంటి ఈతకొలను గట్టునే, అదే వేషంలో నీ సినాత్రా కెల్లీకి పాడతాడు. ఒక్క స్వరం జారదు, ఒక్క మాట తూలదు. అంత బాగా పాడతాడు కాబట్టే అతను తాగాడని నేను నమ్మలేను. ప్రేమించాడనీ నమ్మలేను.