చెరపరాదు

నేను స్పూలు టేపుని. వెడల్పు పావు అంగుళం, పొడవు 1200 అడుగులు. ఒక పక్క నున్నటి ప్లాస్టిక్కు, రెండో పక్క ఇటుక రంగులో ఐరన్ ఆక్సైడు పూత. సెకనుకు 7.5 అంగుళాల చొప్పున తిరిగితే నాలో 32 నిమిషాలు పడతాయి. అరగంట కచేరీ, ముందూ వెనకా అనౌన్సరు మాటలు.

తెలుగువాళ్ల రేడియో నాకంటే పెద్దది. మద్రాసు కేంద్రం 1938లో, విజయవాడ కేంద్రం 1948 డిసెంబరు 1న మొదలయ్యాయి. తొలి రోజుల్లో ఎక్కువ భాగం ప్రత్యక్ష ప్రసారమే. విద్వాంసుడు పాడుతుండగా విన్నవాళ్లకు ఉన్నట్టు, విననివాళ్లకు లేనట్టు. మేం వచ్చాక పాట మర్నాటికి మిగిలింది. పొద్దుటి భక్తిరంజని, ఓలేటి వెంకటేశ్వర్లుగారి సంగీత శిక్షణ, నాటకాలు, సంగీత రూపకాలు మా చుట్టల్లోకి చేరాయి. బాలాంత్రపు రజనీకాంతరావుగారు రేడియో ఉద్యోగంలో పాటలు కడుతూనే 'ఆంధ్ర వాగ్గేయకార చరిత్రము' రాశారు. దానికి 1961లో సాహిత్య అకాడమీ బహుమతి వచ్చింది. చరిత్ర తెలిసినవాడే పాట కట్టాడు కాబట్టి పల్లెలో అక్షరం రాని శ్రోతకు కూడా వాగ్గేయకారులు సొంత మనుషులయ్యారు.

నా ఒంటి మీద ఒక అతుకుంది. ఆలాపన చివర ఎవరో దగ్గారు. రికార్డింగు చేసినాయన స్పూళ్లను చేత్తో ముందుకీ వెనక్కీ మెల్లగా తిప్పుతూ ఆ దగ్గు ఎక్కడుందో పట్టుకుని, పసుపు పెన్సిల్‌తో గుర్తు పెట్టి, బ్లేడుతో ఏటవాలుగా కోశాడు. నిలువుగా కోస్తే అతుకు దగ్గర టప్పుమంటుంది. రెండు కొసలూ కలిపి అంటించాడు. రాగం ఎక్కడా తెగలేదు.

అంతకుముందు నాలో ఒక బుర్రకథ ఉండేది. కొత్త టేపులు దొరకని రోజులవి. ప్రసారం అవగానే చెరిపి, నన్ను మళ్లీ వాడుకున్నారు. ఆ కథకుడి గొంతు ఇప్పుడు ఏ టేపులోనూ లేదు. ఈ కచేరీ మిగిలిందంటే, అట్టపెట్టె మీద ఎవరో ఎర్ర సిరాతో 'చెరపరాదు' అని రాయబట్టే. ఆ ఒక్క మాటకు నేను రుణపడి ఉన్నాను.

ఏళ్ల తరబడి చుట్టుకుని ఉంటే ఒక పొరలోని శబ్దం పక్క పొరకు అంటుకుంటుంది. అందుకే నన్ను పెడితే అసలు గొంతు కంటే ముందు దాని నీడ లీలగా వినిపిస్తుంది. ముసలితనంలో మాలో కొన్నిటి పూత జిగురెక్కుతుంది, పొట్టు రాలుతుంది. అప్పుడు తెలియక మిషనెక్కించి తిప్పితే పూతతో పాటు పాటా ఊడిపోతుంది. ఈమధ్య నన్ను జాగ్రత్తగా తిప్పి కంప్యూటర్లోకి ఎక్కించారు.

మీ అటక మీద తాతగారి హరికథో, అమ్మమ్మ మంగళహారతో ఉన్న టేపు దొరికితే పారేయకండి, తొందరపడి మిషన్ మీద పెట్టకండి. ఎండకూ తేమకూ దూరంగా ఉంచి, పని తెలిసినవాళ్లతో కాపీ చేయించండి. పెట్టె మీద పాడినవారి పేరు, ఊరు, సంవత్సరం రాయండి.