ఈపీకే మావయ్య

కోటబొమ్మాళిలో ఏ ఇంటి పిల్లకి ఏ సీటొచ్చినా, ఆ ఇంటివాళ్లకంటే ముందు లాభనష్టాలు తేల్చేసేది మా ఈపీకే మావయ్య. ఆర్టీసీలో కండక్టరుగా చేసి రిటైరయ్యాడు. ఈపీకే అంటే బస్సు కిలోమీటరుకి ఎంత సంపాదించిందనే లెక్క. డిపోలో దాన్ని బస్సులకే వాడతారు. మావయ్య పెళ్లిళ్లకీ పాడిగేదెలకీ చదువులకీ కూడా వాడతాడు. సొంత బావమరిది బస్సెక్కినా టిక్కెట్టు కొట్టి, చిల్లర బాకీ అని వెనకాల రాసిచ్చిన మనిషి. ఆ చిల్లర ఇప్పటికీ రాలేదని బావమరిది అంటాడు. అది వేరే తగువు.

మా అమ్మాయికి హైదరాబాదులో డిజైన్ కాలేజీ సీటొచ్చిన కబురు మా వీధి మలుపు తిరక్కముందే ఆయన మా అరుగు మీదున్నాడు.

"ఏటల్లుడా, గుంటకి బొమ్మల కాలేజీలో సీటొచ్చిందట?"

"డిజైన్ మావయ్యా."

"అదేలే. ఎంతవుద్ది?"

సెమిస్టరుకి లక్ష పైమాటేననీ, సెమిస్టర్లు 8 అనీ, హాస్టలు వేరే అనీ చెప్పాను. నారాయణవలస సంతలో ఎద్దు పళ్లు చూసేవాడిలా నన్నూ మా అమ్మాయినీ మార్చిమార్చి చూశాడు.

"టెక్కల్లో ఇంజినీరింగు కాలేజీ ఉన్నాది. ఇక్కడ బస్సెక్కితే అక్కడ దిగుద్ది. రీయింబర్స్‌మెంటొస్తాది. దాన్నొగ్గేసి... ఇంతకీ పరీచ్చేటి పెట్టారే?"

"కాగితం, దారం, గమ్ము ఇచ్చి ఒక బొమ్మ చెయ్యమన్నారు తాతా."

"దానికి లచ్చలెందుకే? ఇనాయక చవితికి పందిరి కాడ కూకో, ఉత్తినే నేర్పుతారు."

ఆయన దగ్గర ఇంతకంటే చవకైన రూటూ ఉంది. డ్రాయింగ్ లోయరు, హయ్యరు పరీక్షలు రాసి, వేసవిలో 42 రోజుల టీటీసీ ట్రైనింగు చేస్తే డ్రాయింగు మేష్టరమ్మ. "నలబై రెండ్రోజులెక్కడ, నాలుగేళ్లెక్కడ!" అన్నాడు. మేష్టరమ్మ కావాలంటే పోస్టు పడాలి కదా అంటే, ఆ స్టేజీ తన రూటులో లేదన్నట్టు మొహం తిప్పుకున్నాడు. తిప్పుకుని తురుపు ముక్క వేశాడు. "మన సికాకులంలో 1921లో పుట్టాడు వడ్డాది పాపయ్య. సందమామకి ఎన్ని అట్టలేశాడు! ఆయనే కాలేజీకెల్లాడు?"

నాకు జవాబు తోచలేదు. అమ్మాయికి తోచింది. "వాళ్ల నాన్నే డ్రాయింగు మేష్టారు తాతా. కాలేజీ ఇంట్లోనే ఉంది. మా ఇంట్లో మా నాన్నున్నాడు."

నా గీత ఎలాంటిదో ఊరికి తెలుసు. స్కేలు పట్టినా వంకరపోతుంది.

నిజం చెప్పొద్దూ, ఆ రాత్రి నేనూ ఈపీకే వేశాను. బ్యాంకు లోను వాయిదా ఎంత, చేరగానే వచ్చే జీతమెంత, ఎన్నేళ్లకి ఒడ్డున పడతాం అని కరెంటు బిల్లు వెనకాల రాసి, మా ఆవిడ కంట పడకుండా బియ్యం డబ్బా కింద పెట్టాను. పొద్దున్న బియ్యానికెళ్లినప్పుడు చూసింది. కూడికలో తప్పుందని దిద్ది మళ్లీ అక్కడే పెట్టింది.

ఇలాంటి కాలేజీ వాళ్లలో చాలామంది ఇప్పుడు సాఫ్ట్‌వేర్ కంపెనీల్లోనే తేలుతున్నారట. ఫోను తెర మీద ఏ బటను ఎక్కడుండాలో తేల్చడం వాళ్ల పని. ఇది విని మావయ్య టీ గ్లాసు కింద పెట్టేశాడు. "బటనెక్కడుండాలో సెప్పడానికి జీతమా!" సరిగ్గా వారం తిరక్కుండా, గ్యాసు కుర్రాడికి ఫోన్లో డబ్బులు కొట్టబోయి రెండుసార్లు కొట్టేశాడు. "ఈ బటనిక్కడెవడు పెట్టాడ్రా!" అని ఆయన వేసిన కేక రైల్వే గేటు దాకా వినపడింది.

రెండో ఏడు సెలవులకి అమ్మాయి వచ్చింది గానీ ఇంట్లో ఉండలేదు. చేతివృత్తుల ప్రాజెక్టట. శ్రీకాకుళంలో బండి మారి రోజూ పొందూరు వెళ్లింది. అక్కడ వాలుగ చేప దవడ ఎముకతో పత్తిని దువ్వి నూలు వడికే ముసలమ్మల పక్కన కూర్చుని, వాళ్ల చేతులు గీసుకొచ్చింది. మావయ్యకి ఇది పండగ. "అయిదరాబాదుకి లచ్చలు కట్టి పంపితే ఆల్లు తిరిగి పొందూరే పంపారా! డైరెక్టు సర్వీసుండగా ఈ సుట్టు తిరుగుడేటి?" ఒప్పుకోవాలి, ఈ పాయింటు మీద నేనూ కాసేపు ఆయన బస్సే ఎక్కాను. తర్వాత ఆ బొమ్మలు చూశాను. ఆ దారిలో ఎన్నిసార్లు తిరిగానో. ఆ చేతుల్నెప్పుడూ చూడలేదు.

ఈలోగా కొత్తమ్మతల్లి జాతరొచ్చింది. జాతరంటే మా ఊళ్లో అమ్మవారి తర్వాత ఫ్లెక్సీలే. మావయ్య ల్యాప్‌టాప్ దగ్గరికొచ్చి, తన ఫొటో ముందు పెట్టాడు.

"అమ్మీ, దీన్ని అమ్మోరి పక్కన పెట్టి, జుత్తు కొంచిం నల్లగా సేసి, బొజ్జ తగ్గించి ఒక డిజైనేసియ్యి. రెండు నిమిషాల పని."

"ఎంతిస్తావు తాతా?"

"ఇచ్చేదేటే! పెస్సు వాడు సదరపడుక్కి ఇంతని పింటింగుకే తీసుకుంటాడు. డిజైను ఫ్రీ అని బోర్డే పెట్టాడు."

"నీ బస్సులో బావమరిదికి ఫ్రీయా?"

దెబ్బ తగిలింది. మావయ్య ఒక్క నిమిషం తడబడ్డాడు. కానీ ముప్పై ఏళ్లు ఫుట్‌బోర్డు మీద బేరాలాడిన ప్రాణం కదా. "అది ఎనకటి మాట. 2025 ఆగస్టు 15 కాణ్నించి మీ ఆడోల్లంతా జీరో టిక్కెట్టు మీదే తిరుగుతున్నారు గదా? అలాగే నాకూ ఓ జీరో టిక్కెట్టు కొట్టెయ్."

"జీరో టిక్కెట్టు డబ్బులు ఆర్టీసీకి గవర్నమెంటు కడతాది తాతా. నాకెవరు కడతారు?"

మావయ్య తాపీగా నా వైపు తిరిగాడు.

"మీ నాన్న కడతన్నాడు గదే, సెమిస్టరు సెమిస్టరుకీ!"